కింద వదిలిన నాలుగంగుళాలు

శివకాశి క్యాలెండర్ ముద్రాపకులకు, కోవిల్‌పట్టి, సాత్తూరు లేబుల్ ప్రెస్సుల యజమానులకు బహిరంగ లేఖ



ఆడి నెల పద్దెనిమిదో నాడు మీ ప్రెస్సుల్లో కొత్త ఏడాది ఆల్బంలకు పూజ చేసి బయటికి తెస్తారు. అంటే మా లెక్కలో ఆగస్టు మొదటి వారం. ఆ తర్వాత కొద్ది రోజులకే మా ఊళ్లలో మీ ఏజెంట్లు బస్సు దిగుతారు. బరువైన ఆల్బం కౌంటరు మీద పెట్టి పేజీలు తిప్పుతుంటే బట్టల కొట్టువాళ్లు, ఎరువుల దుకాణంవాళ్లు, బంగారు అంగడివాళ్లు "ఈ వెంకన్న రెండు వేలు వెయ్యి, ఆ పసిపాప ఐదొందలు చాలు" అంటూ బేరం కానిస్తారు. ఏ పేజీ తిప్పినా బొమ్మ కింద కొంత తెల్లజాగా వదిలిపెట్టి ఉంటుంది. మేం దాన్ని నాలుగంగుళాలు అంటాం. క్యాలెండర్ సైజును బట్టి అది మూడు కావచ్చు, ఐదు కావచ్చు. ఈ ఉత్తరం ఆ జాగా గురించి.

నేను గుంటూరులో ఆ జాగాలోకి వెళ్లే మ్యాటరు తయారుచేసే మనిషిని. దుకాణం పేరు, చిరునామా, ఫోన్ నంబర్లు, వీలైతే యజమాని తండ్రిగారి ఫోటో, వీలు కాకపోయినా అన్ని బ్రాంచీల పేర్లు. నాలాంటివాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. మేం పంపింది మీ దగ్గర ముద్రణై, తగరపు పట్టీ బిగించుకుని, డిసెంబరులో పార్సిలుగా తిరిగొస్తుంది. కట్ట విప్పగానే పైనున్న దేవుణ్ని ఎవరూ చూడరు. దుకాణదారు చూపు నేరుగా కిందికి పోతుంది. అక్కడ తన పేరు సరిగ్గా ఉంటే సంతోషం. లేకపోతే ఆ ఏడాదంతా నాలుగు వందల ఇళ్లల్లో గోడ మీద ఆ తప్పు వేలాడుతూనే ఉంటుంది. దినపత్రికలో అచ్చుతప్పు మర్నాటికి పాతకాగితం. క్యాలెండర్లో తప్పుకు ఆయుష్షు పన్నెండు నెలలు.

మీ పని ఎలా సాగుతుందో నాకు తెలుసు కాబట్టే ధైర్యంగా రాస్తున్నాను. బొమ్మలు ముందే పెద్ద మిషన్ల మీద భారీగా కొట్టి పెట్టుకుంటారు. ఆర్డర్లు వచ్చాక ఆ తెల్లజాగాలో దుకాణం పేరును చిన్న మిషను మీద రెండోసారి ఎక్కిస్తారు. దేవుడికి నాలుగు రంగులు, మంచి కాగితం, చేయి తిరిగిన మేస్త్రీ. దుకాణానికి ఒకటో రెండో రంగులు, దీపావళి తర్వాతి హడావుడి, రాత్రి షిఫ్టు. డబ్బు కట్టేది మాత్రం కిందున్నవాడు.

మీరు చిన్నపాటి వాళ్లయితే ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు. 1923 ప్రాంతంలో శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల పని నేర్చుకొచ్చారు. మీ సీమలో వానలు తక్కువ, గాలిలో తేమ తక్కువ, నల్లరేగడి మీద పంట నమ్మకం అంతకన్నా తక్కువ. ఆ ఎండే అగ్గిపుల్లకు కలిసొచ్చింది, తర్వాత కాగితానికీ కలిసొచ్చింది. అగ్గిపెట్టెకు లేబుల్ కావాలి, టపాకాయకు చుట్టుకాగితం కావాలి, వాటి కోసం లిథో ప్రెస్సు కావాలి. ఆ ప్రెస్సు ఖాళీగా ఉండకూడదు కాబట్టి క్యాలెండర్ కావాలి. ఒకదాన్ని ఇంకొకటి లాక్కొచ్చిన వరస ఇది. మా పిల్లల నోటుపుస్తకాల అట్టలు, పెళ్లి శుభలేఖల కార్డులు, దీపావళి పెట్టెల మీది బొమ్మలు చాలామటుకు మీ దగ్గర్నుంచి వచ్చినవే. అందుకే అడిగే హక్కు ఉందనుకుంటున్నాను.

ఇక విషయానికొస్తాను. మీ దగ్గర ప్లేటు చేసేవాళ్లకు, మిషను నడిపేవాళ్లకు తెలుగు చదవడం రాదు. అది వాళ్ల తప్పు కాదు. కానీ చదవడం రాని లిపిని సర్దేటప్పుడు కన్ను తనకు అలవాటైన లిపి లెక్కనే వాడుతుంది. తమిళంలో రెండు హల్లులు కలిస్తే మొదటిదాని నెత్తిన చుక్క పెట్టి రెండోది పక్కన రాస్తారు. వరుస వరుసగానే నడిచిపోతుంది. మా లిపిలో రెండోది కిందికి దిగుతుంది. ఒక్కోసారి మూడోది దాని పక్కన చేరుతుంది. "శ్రీ లక్ష్మీ వస్త్రాలయం" అనే పేరు తీసుకోండి. మా జిల్లాలో ఆ పేరుతో ఎన్ని దుకాణాలున్నాయో లెక్కలేదు. ఆ ఒక్క పేరులోనే మూడు చోట్ల ఒత్తులు కిందికి దిగాలి, రెండు చోట్ల గుడిదీర్ఘం పైకి లేవాలి. తమిళానికి సరిపోయే ఎడం వరుసల మధ్య ఇస్తే పై వరుస ఒత్తు వచ్చి కింది వరుస గుడిని గుద్దుకుంటుంది. దూరం నుంచి చూస్తే రెండు వరుసల మధ్య చీమలు పాకినట్టుంటుంది. కాబట్టి తెలుగు మ్యాటరుకు వరుసల ఎడం కాస్త ఎక్కువ ఇవ్వాలి. జాగా చాలకపోతే అక్షరం సైజు తగ్గించాలే తప్ప వరుసల్ని దగ్గరికి నొక్కకూడదు. అక్షరాల్ని అడ్డంగా నొక్కడం ఇంకా ఘోరం. మావి గుండ్రటి అక్షరాలు. డెబ్బై శాతానికి నొక్కితే నిలువు గుడ్లవుతాయి, తలకట్టు పక్క అక్షరం మీద పడుతుంది.

ఇది కంటికి కనిపించే చిక్కు. కనిపించనిది ఫైల్లో ఉంటుంది. మా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ ఎక్కువగా నడిచేవి పాత తరహా ఫాంట్లు. వాటిలో తెలుగు అక్షరం నిజంగా తెలుగు అక్షరంగా ఉండదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు, తలకట్టొకటి, కొమ్మొకటి, ఒత్తొకటి, విడివిడిగా కూర్చోబెట్టి ఉంటాయి. ఆ ఫాంటు మీ కంప్యూటర్లో లేకపోతే దుకాణం పేరు స్థానంలో అర్థంలేని ఇంగ్లీషు గీతలు వస్తాయి. అది నయం, ఎవరికైనా కనిపిస్తుంది. అదే ఫాంటు వేరే వెర్షను ఉంటే ఇంకా ప్రమాదం. అక్షరాలన్నీ బాగానే ఉన్నట్టుంటాయి, ఎక్కడో రెండు ఒత్తులు మాత్రం మారిపోయి ఉంటాయి. తెలుగు చదివేవాడు తప్ప ఇంకెవరూ దాన్ని పట్టుకోలేరు.

కొత్త యూనికోడ్ ఫాంట్లతో ఈ బాధ తీరిందనుకున్నాం. ఇంకో బాధ వచ్చింది. ఫోటోషాపులో గానీ ఇన్‌డిజైన్‌లో గానీ దక్షిణాసియా లిపులకు పనికొచ్చే కంపోజర్ ఎంచుకోకుండా అతికిస్తే ఒత్తు కిందికి దిగదు. "లక్ష్మీ" కాస్తా "లక్‌ష్‌మీ" అయి పొల్లులతో నిలబడుతుంది. తమిళ కంటికి అది సహజంగానే కనిపిస్తుంది. హల్లు నెత్తిన ఏదో గుర్తు, పక్కన ఇంకో హల్లు. తమ లిపిలో ఉన్నట్టే ఉంది కదా! ఆ ఆపరేటరును నేనేమీ అనలేను. వాడు తెలుగును తమిళ పద్ధతిలో చదివాడు, అంతే.

అందుకే మేం అక్షరాల్ని కర్వ్స్ చేసి పంపుతాం. అప్పుడు అక్షరం అక్షరంగా ఉండదు, గీసిన బొమ్మవుతుంది. ఏ కంప్యూటర్లో తెరిచినా మారదు. కానీ ఈలోగా దుకాణదారుకు కొత్త ఫోన్ నంబరు వస్తుంది, లేదా ఒక బ్రాంచి మూతపడుతుంది. ఏజెంటు ద్వారా కబురు మీకు నేరుగా చేరుతుంది. మీవాళ్లు ఆ ఒక్క వరుసను చెరిపి, దగ్గరున్న ఏదో తెలుగు ఫాంటులో మళ్లీ కొడతారు. చక్కగా కుదిరిన ప్రకటనలో ఒక్క వరుస పరాయిదై కూర్చుంటుంది. తప్పులు నూటికి తొంభై ఆ వరుసలోనే. (నూటికి తొంభై అన్నది నా విసుగు కొలత, సర్వే ఏమీ చేయలేదు.)

నలుపు గురించి కూడా ఒక మాట. స్క్రీను మీద ఉన్న నలుపును అలాగే నాలుగు రంగుల్లోకి మారిస్తే అది నాలుగు సిరాలూ కలిసిన నలుపవుతుంది. ప్లేట్లు వెంట్రుకవాసి పక్కకు జరిగినా పెద్ద అక్షరం ఎలాగో నిలదొక్కుకుంటుంది గానీ, దాని కింద వేలాడే ఒత్తు చుట్టూ ఎర్రటి నీడో నీలి నీడో పడి ముద్దవుతుంది. తెలుగు మ్యాటరు ఎప్పుడూ ఒకే నలుపు సిరాలో, మిగతా మూడూ సున్నాగా ఉండాలి. సిరా ఎక్కువైతే మా లిపిలో ఇంకో అనర్థం వస్తుంది. "ప" పైన విడిగా ఉండాల్సిన తలకట్టు పూడుకుపోతే అది "వ"గా కనిపిస్తుంది. మీ విరుదునగర్ మార్కెట్టు పప్పులకు పెట్టింది పేరు. అక్కడి సరుకు తెప్పించుకునే మా వ్యాపారి క్యాలెండర్లో "పప్పులు" కాస్తా "వప్పులు"గా వేలాడితే ఎలా ఉంటుందో ఊహించండి. "ధాన్యం"లో "ధ" అడుగున ఉండే చిన్న గీత పలచబడి ఎగిరిపోతే "దాన్యం" అవుతుంది. చదువురాని వాడి దుకాణం అనుకుంటారు.

మా వైపు తప్పులూ దాచను. దుకాణం బోర్డును ఫోన్లో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపి "లోగో ఇదే" అంటారు. పదంగుళాల వెడల్పు ప్రకటనకు అంగుళానికి 300 చుక్కల లెక్కన అడ్డంగా 3000 చుక్కలు కావాలి. వాట్సాప్ కుదించి పంపిన బొమ్మలో అన్ని మిగలవు. అంచుదాకా రంగు కావాలంటారు, కోతకు మూడు మిల్లీమీటర్లు అదనంగా వదలాలంటే "అదెందుకు దండగ" అంటారు. అడుగున తగరపు పట్టీ కొంత మింగుతుందని ఎవరికీ గుర్తుండదు. చివరి వరుసలో పెట్టిన జీఎస్టీ నంబరు దాని కింద సమాధి అవుతుంది. నాలుగంగుళాల్లో వంశవృక్షం ఇమడదని చెప్పి చెప్పి మా నోళ్లు పడిపోయాయి. ప్రూఫు పంపితే తెరిచి చూడకుండానే "ఓకే" అని కొట్టేవాళ్లే ఎక్కువ. ఇవన్నీ మేం దిద్దుకోవాల్సినవి, దిద్దుకుంటాం. కానీ తెలుగు చదివే కన్ను ఒకటి మీ దగ్గర ఉండాలన్న మాట దీనివల్ల చిన్నబోదు. మేం ఎంత సరిగ్గా పంపినా ప్లేటు తయారయ్యేది మీ గదిలో.

క్యాలెండర్ పై భాగంలోని బొమ్మకు మీ సీమ ఇచ్చిన శ్రద్ధ చూస్తే కింది భాగం మీద ఇంత నిర్లక్ష్యం ఎందుకో అర్థం కాదు. ఆ బొమ్మల చిత్రకారుడు, కోవిల్‌పట్టి కొండయ్య రాజు గారు మీకు పరాయివారు కాదు. 1898లో మద్రాసులో పుట్టి, అక్కడి ఆర్ట్స్ స్కూల్లో చదివి, తిరువణ్ణామలై రమణాశ్రమంలో కొంతకాలం గడిపి, నాటక కంపెనీకి తెరలు రాస్తూ ఊరూరా తిరిగి, 1940ల్లో కోవిల్‌పట్టిలో స్థిరపడ్డారు. దేవి ఆర్ట్ స్టూడియో అక్కడే పెట్టారు. టి.ఎస్. సుబ్బయ్య, అరుణాచలం, రామలింగం లాంటి శిష్యులు ఆయన చుట్టూ చేరారు. 1976లో ఆయన పోయేనాటికి ఆ గురుశిష్యులు రాసిన లక్ష్మి, సరస్వతి, మురుగన్, మీనాక్షి మీ లిథో ప్రెస్సుల మీదుగా దక్షిణాదిలో ఎన్ని పూజగదుల్లోకి వెళ్లారో చెప్పలేం. అవి గుళ్లకు రాసిన బొమ్మలు కావు, ప్రకటనలు మోయడానికి రాసినవి. నాటకం తెర ఎలా రాస్తారు? చివరి బెంచీవాడికి కూడా రాజు రాజులా కనిపించాలి, ముందు నటుడు నిలబడే చోటు ఖాళీగా ఉంచాలి. ఆయన లక్ష్మి కూడా గదిలో ఏ మూలనుంచి చూసినా ఎదురుగా చూస్తుంది, కింద దుకాణం నిలబడే చోటు వదులుతుంది. ఆ ఖాళీని చిత్రకారుడు ఎంతో ఆలోచించి వదిలాడు. నింపేవాడే ఆలోచించడం లేదు.

"తెలుగు ముద్రణ మాకు కొత్త, మా వైపు అలవాటు లేదు" అని మీలో ఒకాయన అన్నట్టు విన్నాను. ఆ మాట మాత్రం ఒప్పుకోను. కోవిల్‌పట్టికి దగ్గర్లోనే ఎట్టయపురం ఉంది. అక్కడి సంస్థానం ప్రెస్సు విద్యావిలాసినిలో 1904లో సుబ్బరామ దీక్షితుల "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" అనే సంగీత గ్రంథం అచ్చయింది. సుమారు పదిహేడు వందల పేజీలు. అంతా తెలుగు లిపి. ఊరికే తెలుగు కాదు. స్వరాల మీద, పక్కన గమకాలకు ప్రత్యేకమైన గుర్తులు పెట్టారు. కంపించే స్వరానికొకటి, జారే స్వరానికొకటి. సీసపు అక్షరాలు ఒక్కొక్కటిగా చేత్తో ఏరి పేర్చే రోజుల్లో, తమిళనాట, నల్లరేగడి పల్లెల మధ్య ఒక చిన్న ఊళ్లో ఆ పని జరిగింది. ఇప్పటికీ సంగీతం చదివేవాళ్లు ఆ పుస్తకం మీదే ఆధారపడతారు. గమకం గుర్తు అటూ ఇటూ అయితే రాగం పోతుంది. అంత సున్నితమైన తెలుగును నూట ఇరవై ఏళ్ల కిందట మీ పొరుగూళ్లో అచ్చువేయగలిగినప్పుడు, కంప్యూటరున్న ఈ రోజుల్లో "వస్త్రాలయం" ఒత్తు నిలబెట్టలేమంటే నమ్మమంటారా?

తెలుగు మనుషులకైతే అసలు కొదవే లేదు. శివకాశి ఉన్న జిల్లాలోనే రాజపాళయం ఉంది. మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసిన కుమారస్వామి రాజా గారి ఊరు. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్ ఉంది. రచయిత కి. రాజనారాయణన్ గారి ఊరు. ఆయన ఇంట్లో తెలుగు, రాసింది తమిళం. తెలుగు నేలనుంచి వలసపోయిన కుటుంబాల ఊరి కథను "గోపల్లపురత్తు మక్కళ్"గా తమిళంలో రాస్తే 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. 2011 జనగణనలో తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు దాదాపు 42 లక్షలు. మీ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల్లో, మీ బైండింగ్ గదుల్లో, క్యాలెండర్లకు పట్టీలు బిగించే బల్లల దగ్గర ఇంట్లో తెలుగు మాట్లాడే ఆడవాళ్లున్నారు. యాస మాకు కొత్తగా ఉంటుంది, కొన్ని మాటలు మేం మర్చిపోయినవి వాళ్ల నోట బతికి ఉన్నాయి. కానీ వాళ్లకు తెలుగు అక్షరం రాదు. తరాలుగా బడి తమిళంలోనే. 2006లో తమిళ బోధన చట్టం వచ్చాక బడుల్లో తమిళం తప్పనిసరైంది, తెలుగు నేర్చుకునే వీలు ఇంకా సన్నగిల్లింది. ఆ వాదంలోకి ఇప్పుడు దిగను, మీరూ నేనూ తేల్చేది కాదది.

నేను అడిగేవి రెండు చిన్న విషయాలు. మొదటిది ఇది. తెలుగు మాట్లాడే ఇంటి అమ్మాయిల్లో ఒకరిద్దరిని ఎంచి, వాళ్లకు తెలుగు అక్షరాలు నేర్పించండి. చెవికి భాష ఉంది కాబట్టి అక్షరం పట్టుబడడానికి కొన్ని నెలలు చాలు. బొత్తిగా భాష రానివాడికి నేర్పినట్టు మొదట్నుంచీ మొదలుపెట్టనక్కర్లేదు. "వప్పులు" కనిపిస్తే నవ్వు దానంతటదే వస్తుంది. ఆ నవ్వే మీకు కావలసిన ప్రూఫ్‌రీడరు. ప్లేటు తయారు చేయబోయే ముందు ఆ అమ్మాయి ఫోన్లో దుకాణదారుకు మ్యాటరు పైకి చదివి వినిపిస్తే చాలు. చూడకుండా "ఓకే" కొట్టే మావాళ్లు కూడా తమ పేరు ఎవరో తప్పుగా పలికితే ఉలిక్కిపడతారు. ఒక ప్రెస్సుకు జీతం భారమనుకుంటే పది ప్రెస్సులు కలిసి ఒకరిని పెట్టుకోండి. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా పని ఉంటుంది. తర్వాత పెళ్లిళ్ల సీజనుకు తెలుగు శుభలేఖలున్నాయి, బళ్లు తెరిచేనాటికి నోటుపుస్తకాల అట్టలున్నాయి. రోజుకో కాగితం చింపే డైలీ షీట్ల తిథులు చూడడానికి కూడా ఆమే పనికొస్తుంది. మీది సౌరమానం, మాది చాంద్రమానం. మీ చిత్తిరై మొదటి రోజుకూ మా ఉగాదికీ మధ్య ఎన్ని రోజులుంటాయన్నది ఏటా మారుతుంది. దాన్ని సరిచూసే కన్ను కూడా మీకు ఇప్పుడు లేదు.

రెండోది, ఆల్బం చివరి పేజీ. అందులో ఇప్పుడు మీ ఫోన్ నంబర్లు, కొరియర్ చార్జీలు ఉంటాయి. అక్కడే తెలుగులో ఒక పేజీ వేయండి. ప్రతి సైజుకూ కింద ఎంత జాగా ఉంటుంది, పట్టీ ఎంత తింటుంది, ఒక రంగా రెండు రంగులా, ఫైలు ఏ రూపంలో కావాలి, కర్వ్స్ చేసిన ఫైల్లో మార్పు వస్తే ఎవరికి చెప్పాలి, ఏ తేదీ దాటితే మార్పులు తీసుకోరు. ఇవి రాసి ఉంటే మావాళ్లతో నేను సగం యుద్ధాలు చేయనక్కర్లేదు. పేజీ చూపించి ఊరుకుంటాను.

ఆ పేజీకి కావలసిన తెలుగు మ్యాటరు నేనే రాసిస్తాను. కూలి అక్కర్లేదు. వరుసల ఎడం సరిచూసి, కర్వ్స్ చేసి, ఒకే నలుపులో పంపుతాను. కొలతలు మాత్రం మీరివ్వాలి. ఆడి పద్దెనిమిదికి ఆల్బం బయటికి రావాలంటే మే నెలాఖరులోగా అందితే మంచిది. జూన్‌లో బడి పుస్తకాల ఒత్తిడి మీకూ ఉంటుంది, నాకూ ఉంటుంది.

ఇట్లు,
గుంటూరు నుంచి
ఒక డీటీపీ మనిషి